కొత్త పైపుకు పట్టిన వాసన

గులాబీ వాసన వేసే తేలికపాటి పొగాకంటే క్లెమెంట్ భార్య ఆడ్రీకి ఇష్టం. ఆమె పోయి మూడేళ్లయినా ఆ పరిమళం అతని పాత పైపును వదల్లేదు. నిన్న ఆ పైపు కాస్తా పగిలింది.

ఏ పొగాకు నింపినా పాత వాసనే వచ్చే పైపుకు దయ్యం పట్టిందంటారు కెండాల్ ఊళ్లో.

"ఇదిగో ముసలోడా, దీనికి ఏ దయ్యమూ లేదు," అంటూ పొగాకు కొట్టు నార్మన్ కొత్త పైపు ఇచ్చాడు.

క్లెమెంట్ బెంగ కూడా అదే.

రాత్రి వాన పడుతోంది. మామూలు పొగాకు కూరి, అగ్గిపుల్ల గీశాడు. మొదటి దమ్ములోనే గులాబీలు గుప్పుమన్నాయి. ఎదుటి ఖాళీ కుర్చీ కిర్రుమంది.

అతను తలెత్తలేదు. "పొగ పోవాలని కిటికీ తీసే ఉంచాన్లే ఆడ్రీ, సణగకు," అన్నాడు.

జల్లు అతని మోకాళ్లను తడుపుతోంది. కిటికీ మెల్లగా మూసుకుంది.