రెండో చరణం

మినతి పోయిందన్న కబురు వచ్చినప్పుడు రెబ్కా టీచర్ ఆరో తరగతికి పద్యం చెబుతోంది.

ఆయా ప్రేమమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది. అద్దంకిలో పెళ్లికి పాడి వస్తుంటే, ఆటోని రాళ్ల లారీ గుద్దిందట.

రెబ్కా పుస్తకం మూసింది.

ముందుగా ఆమెకు తట్టింది దుఃఖం కాదు. ఈ క్రిస్మస్‌కి పాట మళ్లీ తనదేనని.

వెంటనే ఆ ఆలోచనను తోసేసింది. అది పోలేదు.

మినతిది ఒడిశా. పర్లాకిమిడి అవతలి కొండలు. మొగుడు సుదామ్‌తో వలస వచ్చింది. మొదట గుంటూరులో పత్తి మిల్లు, తర్వాత చీమకుర్తిలో గ్రానైటు కోసే చోట పని.

ఒక ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చుని పాడింది. జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

ఆ రోజు ముందు నిలబడి పాడుతున్నది రెబ్కా.

ఇక ఆ గొంతు ఒకచోట ఆగలేదు. మిరపకోతల్లో ఆమె పక్క సాలు కోసం కూలీలు పోట్లాడుకునేవారు. అల్లాబక్షు తన ఆర్కెస్ట్రాతో పెళ్లిళ్లకు తీసుకెళ్లి సినిమా పాటలు పాడించాడు. శివరాత్రికి కోటప్పకొండ ప్రభ మీద జానపదం, దర్గా ఉరుసులో ఖవాలీ, ఆదివారం వస్తే మళ్లీ చర్చిలో కీర్తన.

"ప్రభల మీద పాడిన నోటితో ఇక్కడెలా పాడనిస్తారండీ?" అని రెబ్కా పాస్టరు జయపాల్ గారిని అడిగింది.

"గొంతుకి విడిగా బాప్తిస్మం ఇవ్వరమ్మా," అన్నాడాయన.

రెబ్కాకి ఉన్నది ఒకే పాట. 'తెల్లబారిన చేలు.'

మినతి ఈ ఊరు రాకముందే, గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న స్టూడియోలో రెబ్కా దాన్ని రికార్డు చేయించుకుంది. రెండో చరణం బాగా పైకి వెళ్తుంది. ఎన్నిసార్లు పాడినా అక్కడ గొంతు చీలిపోయింది. స్టూడియో శ్యామ్ సుందర్ ఓపిగ్గా విని, కంప్యూటర్లో సరిచేస్తాను, మీరు బస్సు చూసుకోండి మేడం అన్నాడు.

యూట్యూబ్‌లో పాట వచ్చింది. రెండో చరణం దగ్గర విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

కంప్యూటరు ఇంత పని చేస్తుందా అని రెబ్కా మొదట ఆశ్చర్యపోయింది. వినగా వినగా, అది తన గొంతేనని నమ్మింది. ఎవరైనా పాడమంటే మొదటి చరణం పాడి, జలుబు చేసిందని మిగతాది రికార్డు వేయించేది.

మొన్న ఈస్టరునాడు ఆ పాట మినతిని పాడమన్నారు.

మినతి మొదటి చరణం పాడి ఆగింది.

"రెండోది టీచరమ్మది. నేను పాడను."

ఎంత వినయమో అనుకున్నారు జనం. తన చేతగానితనాన్ని ఇంతమందిలో ఎత్తి చూపించిందనుకుంది రెబ్కా.

బయట చెప్పుల దగ్గర పట్టుకుంది.

"పాడగలిగీ పాడకపోతే ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు టీచరమ్మా?"

"పొగరంటారు."

"బోవూ, బోవూ" అంటూ కూతురు మినతి కొంగు లాగుతోంది. వాళ్ల భాషలో అమ్మని అలాగే పిలుస్తారు. మినతి పిల్లని చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెబ్కా ఆమెతో మాట్లాడలేదు.

జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు రెబ్కానే పాడమన్నారు. ఆమె ముందుకు వచ్చి మైకు అందుకుంది. వెనక వరసలో భయపడాల్సిన గొంతేదీ ఇప్పుడు లేదు.

మొదటి చరణం పాడింది. అలవాటు ప్రకారం సైగ చేసింది. రికార్డు అందుకుంది.

మినతి కూతురు తండ్రి ఒళ్లో ఉంది. తల్లిని మట్టి చేసినప్పటి నుంచి నోరు విప్పలేదట.

రెండో చరణం మొదలవగానే పిల్ల ఒళ్లోంచి దిగింది. తిన్నగా నడిచి వచ్చి స్పీకరు పెట్టె మీద చెయ్యి వేసింది.

"బోవు," అంది.

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పసిది, ఏ పాట విన్నా తల్లే అనుకుంటుందని ఎవరో గొణిగారు.

మూడో చరణం వచ్చింది. పిల్ల పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. తండ్రి కోసం చూసింది.

సుదామ్ వచ్చి పిల్లని ఎత్తుకున్నాడు. రెబ్కా పక్కన ఆగి, తలవంచి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఏమనుకోకండి టీచరమ్మా. పసిపిల్ల, చెప్పినా తెలీదు. మేం మాత్రం ఎవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"గుంటూరులో ఉన్నప్పుడు స్టూడియో ఆయన పిలిచి మినతితో ఆ ఒక్క చరణం పాడించుకున్నాడు కదా. బయట అనొద్దని మాట తీసుకున్నాడు. మీకు తెలిసిందేగా."

రెబ్కా తెలుసనలేదు. తెలియదనలేదు.

"మీరు మాట్లాడ్డం మానేసినప్పుడు కూడా అనేది. నేనెక్కడ బయటపెడతానోనని టీచరమ్మకి భయం, పాపం, అని."

పాట అయిపోయింది. మినతి గురించి రెండు మాటలు చెప్పమ్మా అన్నారు పాస్టరు గారు.

మైకు రెబ్కా చేతిలోనే ఉంది. తండ్రి భుజం మీంచి పిల్ల ఆమె నోటి వంకే చూస్తోంది.

"మినతి బాగా పాడేది," అంది రెబ్కా.

మైకు ఇచ్చేసి కూర్చుంది.

యూట్యూబ్‌లో ఆ పాట కింద ఇప్పటికీ రెబ్కా పేరొక్కటే ఉంది.