పడ్డది కాదు

గాజు కిటికీ కింది సందులోంచి ఒక ముసలి చెయ్యి లోపలికి వచ్చి ఫైలు మీద పడింది.

"జర ఆగు బిడ్డా. అట్ల రాయకు."

స్వప్నిక తలెత్తింది. చేవెళ్లలోని ఆ ప్రైవేటు దవాఖానలో ఆమెది మెడికల్ కోడింగ్ పని. డాక్టర్లు రాసిన రోగాలనూ దెబ్బలనూ అక్షరాలుగా, అంకెలుగా మార్చి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి.

"చెయ్యి తీయి అవ్వా. ఎవరి మనిషివి?"

"ఉమారాణి మనిషిని. దవడ ఇరిగిన పిల్ల."

ఉమారాణిది మొయినాబాద్ దగ్గర కనకమామిడి. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఆ రోజుల్లో చేవెళ్ల దారి పొడుగునా కంపెనీ క్యాబులే. అలాంటి ఒక క్యాబు రోజూ ఊళ్లోకి వచ్చి ఆమెను ఎక్కించుకుపోయేది. పొద్దున భర్త ధనరాజ్ ఆమెను తెచ్చి చేర్పించాడు. మెట్ల మీద పడిందని రాయించాడు. ఫోన్ మాట్లాడుతూ బయటికి పోయినవాడు మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఈ ముసలామె ఆటో దిగింది. పేరు అంతమ్మ అని చెప్పింది.

"పడ్డదని రాసి ఉన్నది కదా అవ్వా."

"పడలే. కొట్టిండు. కంపెనీ బండి లేటయిందని కొట్టిండు."

ఎక్స్‌రే రిపోర్టు చూసినప్పుడే స్వప్నికకు అనుమానం వచ్చింది. ఎడమ చెవి కింద ఒక చోట, కుడివైపు గడ్డం దగ్గర ఇంకో చోట ఎముక విరిగింది. పిడికిలి పక్కనుంచి తగిలితే ఎక్కువగా ఇలాగే విరుగుతుందని కోర్సులో చెప్పారు.

కానీ అనుమానానికి కోడ్ లేదు.

"డాక్టర్ ఏది రాస్తే నేను అదే ఎక్కించాలె. పడితే డబ్ల్యూ, కొడితే వై. ఇందుల పడ్డదని ఉన్నది. డబ్ల్యూ పెడుతున్న."

"మరి ఆ వై పెట్టు."

"నా చేతిల లేదు అవ్వా."

"ఎవరి చేతిల ఉన్నది?"

మేనేజర్ ముకుందం వెనకనుంచి అందుకున్నాడు. "అవ్వా, పడ్డదంటే కంపెనీ కార్డు మీద బిల్లు సాఫ్‌గ పోతది. కొట్టిండంటే పోలీస్ కేసు. కార్డు ఆగుతది. ఎవరు కడ్తరు, నువ్వా?"

"కడ్త. బర్లున్నయి నాకు."

"కేసయితే నీ అల్లుడు లోపలికి పోతడు. ఎరుకేనా?"

"కొట్టినోడు పోనియ్యి."

స్వప్నికకు విసుగొచ్చింది. ఇలాంటి పంచాయితీలు ఆ కిటికీ ముందు చాలా చూసింది.

"అల్లుని మెడలు వంచనీకి మా కంప్యూటరే దొరికిందా అవ్వా? రేపు మీరు మీరు ఒక్కటైతరు. నడుమ మా నౌకర్లు పోతయి."

అంతమ్మ నేరుగా పోయి ఆ ఫైలు రాసిన డాక్టరమ్మ గది తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"లే అవ్వా, పేషెంట్లు లోపలికి పోవాలె," అన్నది నర్సు.

"నన్ను దాటుకుంట పొమ్మను."

ఎవరూ దాటలేదు. చివరికి డాక్టరమ్మే బయటికి వచ్చింది. సంగతి విని, స్వప్నికను ఫైలు తెమ్మని వార్డుకు నడిచింది.

ఉమారాణి ముఖం ఉబ్బిపోయి ఉంది. గడ్డం కిందినుంచి నడినెత్తి దాకా కట్టు. నోట మాట రాదు.

"మెట్ల మీద పడ్డావామ్మా?"

ఆ పిల్ల కళ్లు బెదురుగా అంతమ్మ వైపు తిరిగాయి.

అంతమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. "నా మొఖం చూడకు బిడ్డా. నాకోసమని ఏం దాయకు. అయింది అయినట్టు చెప్పు."

ఉమారాణి తల అడ్డంగా ఊపబోయి నొప్పికి ఆగిపోయింది. చెయ్యి పిడికిలి బిగించి, తన ఎడమ దవడకు ఆనించింది.

డాక్టరమ్మ ముందున్న మాట కొట్టేసి కొత్తగా రాసింది. సంతకం చేసింది. ఠాణాకు ఫోన్ చేయించింది.

మధ్యాహ్నానికి కానిస్టేబుల్ జనార్దన్ జీపులో దిగాడు.

"మనిషి యాడున్నడో తెలుసా అవ్వా?"

"తెలుసు. మా చేను పక్క ఫారంహౌస్‌ల దాసుకున్నడు. నడువు, చూపెడ్త."

జీపెక్కే ముందు ఆమె కిటికీ దగ్గర ఆగింది.

"పెట్టినవా బిడ్డా, ఆ వై?"

"పెట్టిన. పంపకుమని సార్ ఆపిండు."

"నువ్వేమంటవు?"

అంతమ్మ జవాబుకు ఆగకుండా జీపెక్కింది. జీపు వెళ్లిపోయింది.

సాయంత్రం ఆలూరు బస్సు దిగి ఒకామె ఏడుస్తూ వచ్చింది. ముకుందమే ఆమెను కిటికీ దగ్గరికి తీసుకొచ్చాడు.

"పడ్డదనే రాయి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. కేసయితే పిల్ల సంసారం కూలుతది. నలుగుర్ల ఎట్ల తిరుగుతది?"

"చూడు, వీళ్ల మనుషులే అడుగుతున్నరు," అన్నాడు ముకుందం. "ఇంక పంపలేదు కదా. మార్చు. డాక్టరమ్మకు నేను చెప్పుకుంట."

స్వప్నిక తెర వంక చూసింది. ఉమారాణి పిడికిలి కళ్ల ముందు మెదిలింది. వేలితో మీట నొక్కింది.

"పోయింది సార్."

"ఎవర్ని అడిగి పంపినవ్?"

"డాక్టరమ్మ పేషెంటునే అడిగిన్రు సార్. ఆమె చెప్తుంటె నేను చూసిన. నౌకరి తీసేస్తరా, తీసేయుండ్రి."

ముకుందం ఫోన్ తీసుకుని తన గదిలోకి పోయాడు.

స్వప్నిక కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, ఏడుస్తున్న ఆమెను బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఉమారాణికి మీరేమైతరు?"

"కన్నతల్లిని. సంగమ్మంటరు."

"తల్లి మీరైతే, పొద్దటిసంది ఈడ కొట్లాడి పోలీసులను తోల్కపోయిన అవ్వ ఎవరు?"

సంగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆమె నా ఇయ్యపురాలు బిడ్డా. ధనరాజును కన్నది ఆమెనే."