చెయ్యి చెప్పిందే లెక్క

ఆ ఆదివారం పొద్దున ఆకాశం, ఇంకో ముక్క అడుగుదామా ఉన్నవాటితో ఆగిపోదామా అని తేల్చుకోలేని పేకాటరాయుడిలా ఉంది. నాలుగు చినుకులు రాల్చింది, మానేసింది. నేను మాత్రం తేల్చుకునే కూర్చున్నాను. మామగారిని ఓడించాలి. ఓడించి మా ఇంట్లోనే ఉంచేసుకోవాలి.

మా మామగారు ముప్పై ఏళ్లు ఒక క్లబ్బులో బ్లాక్‌జాక్ బల్ల దగ్గర ముక్కలు పంచారు. అత్తగారు పోయాక మూడో అంతస్తులో ఒక్క గదిలో ఒంటరిగా ఉంటున్నారు. మూడు నెలల కిందట మెట్ల మీద జారి, పాలవాడు వచ్చేదాకా రెండు గంటలు అక్కడే పడి ఉన్నారు. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే చాలు, మా ఆవిడ చేతిలో ఏదుంటే అది కింద పడేస్తోంది.

"మాతో వచ్చి ఉండండి మామయ్యా" అన్నాను అప్పుడు.

"జాలిపడి పెట్టే తిండి నాకు దిగదు అల్లుడూ. మూడు నెలలు టైమిస్తాను, ఆట నేర్చుకో. పది ఆటల్లో నన్ను ఓడిస్తే వస్తాను. నువ్వు ఓడావా, ఇంకెప్పుడూ ఆ మాటెత్తకూడదు."

నేను మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. రాగి తీగ చుట్లు తప్ప వేరే లెక్క రానివాణ్ణి. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన మా అమ్మాయి కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ వేసిపెట్టి వెళ్లింది. తెర మీద ముక్కలు పడతాయి. మన ముక్కల మొత్తం ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటితే పోయినట్టే. ఇంకో ముక్క కావాలంటే కీబోర్డు మీద కుడి బాణం. చాలనుకుంటే కిందున్న పొడుగు మీట, రెండుసార్లు. తప్పు ఆడితే తెర ఎర్రబడుతుంది.

మొదటి వారం నేను ఎరుపు తప్ప ఇంకో రంగు చూడలేదు.

"దానికేమైనా జ్వరమా అండీ?" అంది మా ఆవిడ.

రోజూ షాపు తెరవకముందు రెండు గంటలు దాని ముందు కూర్చునేవాణ్ణి. పడిపోయిన ముక్కల్లో చిన్నవాటికి ఒకటి కలుపు, పెద్దవాటికి ఒకటి తీసెయ్. స్నానం చేస్తున్నా ఆ లెక్క ఆగేది కాదు. ఓ రోజు అదే ధ్యాసలో ఒక మోటారుకు వైర్లు తిరగేసి కలిపాను. పంపు నీళ్లు తోడకుండా గుడగుడలాడింది. దాని యజమాని నన్ను ఎగాదిగా చూసి, మోటారు ఎత్తుకుని వేరే షాపుకి పోయాడు.

అయితేనేం, మూడు నెలలకు వందకు తొంభై ఎనిమిది తెచ్చుకున్నాను. బడిలో ముప్పై ఐదు దాటిన పాపాన పోలేదు. ఆ తెరను ఫొటో తీయించి షాపులో వేలాడదీశాను.

మామగారు పదింటికి వచ్చారు. క్లబ్బు నాటి నల్ల కోటు వేసుకున్నారు. మా భోజనాల బల్ల తుడిచి గుడ్డ పరిచారు.

"బల్ల దగ్గర మాటల్లేవు. నోరు ఒకటంటుంది, తర్వాత అనలేదంటుంది. చెయ్యి చెప్పిందే లెక్క" అన్నారు.

ఆ మాట ఆయన ఊరికే అనరు. ఒకసారి సొంత బావమరిది దురద పుట్టి చెయ్యి కదిపితే, దాన్నీ సైగ కిందే జమకట్టి ఓడించారట. ఆ బావమరిది రెండేళ్లు వీళ్ల గడప తొక్కలేదు.

"సైగలు తెలుసుగా?"

"మూడు నెలలుగా అదే పని మామయ్యా."

మొదటి ఆటలో నాకు పంతొమ్మిది. పొడుగు మీట నొక్కినట్టే, బొటనవేలితో బల్ల మీద రెండుసార్లు తట్టాను. ఆయన నా వేలి వంక చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా తన బోర్లా ముక్క తిప్పారు. మొత్తం పద్దెనిమిది. నా ఆట చూసి బిత్తరపోయారనుకున్నాను.

రెండో ఆటలో నాకు పన్నెండు, ఆయన ముందు పది. సాఫ్ట్‌వేర్ ప్రకారం అడగాల్సిందే. చెయ్యి కుడివైపుకి జరిపాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ కూతురి వంక చూశారు. మా ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. ఆయన ముక్క వేశారు. ఎనిమిది. తట్టాను. ఆ ఆటా నాదే.

కంగారుపడకు, నేనున్నాను కదా అని మా ఆవిడకు కళ్లతోనే ధైర్యం చెప్పాను.

తొమ్మిది ఆటలయ్యేసరికి నావి ఐదు, ఆయనవి నాలుగు. పదోదానిలో నాకు ఇరవై వచ్చింది. ఈసారి గట్టిగానే తట్టాను. ఆయన చెయ్యి దానంతటదే కట్ట మీదికి వెళ్లింది. ఒక ముక్క సగం పైకి లేచింది. ఆగింది. మళ్లీ కిందికి దిగింది.

పాపం, వయసు మీద పడింది, చేతికి పట్టు పోయింది అనుకున్నాను.

తన ముక్క తిప్పారు. పదిహేడు.

"ఓడాను" అని కోటు విప్పారు. "అమ్మాయ్, నా మంచం కిటికీ పక్కన వెయ్యి."

మా ఆవిడ లోపలికి పోయి మొహం కడుక్కుని వచ్చింది.

వంటయ్యేదాకా ఆయనకు ఆట పాఠం చెప్పాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడగాలో వివరించాను. "రేపటి నుంచి మీరూ ఆ కంప్యూటర్ ముందు కూర్చోండి మామయ్యా, నెలలో దారిలో పడతారు" అని కూడా అన్నాను. ముప్పై ఏళ్లు పంచిన మనిషి బుద్ధిగా తలూపారు.

అదే బల్ల మీద ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. కాసేపటికి మా ఆవిడ కూర గిన్నె పట్టుకుని నా వైపు చూసింది. నాకు కడుపు నిండిపోయింది. అలవాటుకొద్దీ బొటనవేలితో బల్ల మీద రెండుసార్లు తట్టాను.

మామగారు ఆవిడ చేతిలోంచి గరిటె అందుకుని, నా కంచంలో ఇంకో గరిటెడు వేశారు.

"మా క్లబ్బులో బల్ల తడితే ఇంకోటి వెయ్యమని అల్లుడూ, చెయ్యి పక్కకు జరిపితే చాలని" అన్నారు, తలెత్తకుండా.