మడవని వేళ్లు

"ఎడమ మణికట్టు సంగతి సరే. ఈ కుడిచేతి యేళ్లు ఎప్పుడు విరిగినాయవ్వా?" అడిగాడు పుత్తూరులో కట్లు కట్టే మునికృష్ణ.

"తలుపు సందులో పడినాయి." దేవకమ్మ నోరు తెరవకముందే ఆమె భర్త రంగనాథం చెప్పేశాడు.

దేవకమ్మకు ఎనభై తొమ్మిదేళ్లు. పొద్దున నగరిలో ఇంటి మెట్ల మీద జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. మునికృష్ణ ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గట్టిగా కట్టేశాడు. నలభై రోజులు ఆ చేయి కదపకూడదు. మరి రెండో చేయైనా పనికొస్తుందా అని పట్టుకు చూస్తే, మధ్య మూడువేళ్లూ కర్రల్లా ఉన్నాయి. కణుపు కణుపూ నొక్కాడు.

"ఎముక బాగానే అతికిండాదే. మడవవేమి?"

దేవకమ్మ చేయి వెనక్కి లాక్కుంది. "ఇది తలుపు దెబ్బ కాదప్పా. బర్మా దెబ్బ."

రంగనాథం ఎడమకాలిని, ఆరువేళ్లున్న ఆ కాలిని, మెల్లగా పంచె కిందికి లాక్కున్నాడు. ఇప్పుడవన్నీ ఎందుకని గొణిగాడు. ఆమె వింటేనా!

మునికృష్ణ అడిగేకొద్దీ చెప్పుకుపోయింది. నాయన రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీ. జపాన్ బాంబులు పడగానే ఊరంతా పరుగు. ఓడల్లో దొరలకే చోటు. పోనీ నడుద్దామంటే దోవలు కూడా రెండు. దొరల దోవలో మజిలీ మజిలీకీ టీ నీళ్లు. నల్లవాళ్ల దోవలో కొండలు, బురద, కలరా. నాయన ఆ దోవలోనే పోయాడు. ఒక ఏటి దగ్గర ఆఖరి తెప్ప కదిలిపోతుంటే తల్లి, ఆరేళ్ల దేవకి నీళ్లలో దిగి దాని అంచు పట్టుకున్నారు.

"బరువుకు మునిగిపోతాదని తెప్ప మీద అరుపులు. ఎవురో నా యేళ్లు తొక్కినారు. మొగం సూడలేదు, కాలే సూసినా. పట్టు వదిలేస్తిని. అమ్మ నన్ను గట్టుకు తోసేసి, తాను ఏట్లో పోయింది."

రంగనాథం ఈ మాట ముందు ఒక్కసారే విన్నాడు, పెళ్లైన వారానికి. వేళ్లు మడవవని ఆమె చెప్పిన ఆ పూటే అన్నం కలిపి నోట్లో పెట్టాడు. మిగతా పనులన్నీ ఎడమచేత్తో చేసుకునేది గానీ, ఎడమచేత్తో అన్నం తినకూడదు కదా! డెబ్బై రెండేళ్లుగా రెండుపూటలా అదే పని. నేతపని లేక మగ్గం ఆగినా, జ్వరమొచ్చినా ముద్ద ఆగలేదు. ఎంత ప్రేమో అని వీధంతా పొగిడేది. పొగిడినప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు.

"పసిబిడ్డ యేళ్లు తొక్కేదానికి ఆ పాపిష్టోడికి కాలెట్ల లేసినాదో" అన్నాడు మునికృష్ణ.

రంగనాథం పంచె పైకి తీశాడు.

"ఆ కాలు ఇదే దేవకీ. అప్పుడు నాకు పదకొండేండ్లు. తెప్ప మీద మా చెల్లెలుండాది. మునిగిపోతాదని..."

మునికృష్ణ బిత్తరపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. దేవకమ్మ మాత్రం ఆ కాలి వైపు చూడనైనా లేదు.

"తెలుసులేయ్యా. పెండ్లి పీటల మీద జీలకర్ర బెల్లం పెడతా నా కాలు తొక్కితివే, అప్పుడే ఆ ఆరో యేలు మళ్లా సూసినా. నీ నోటితో సెప్తావని ఇన్నేండ్లు కాసుకోనుంటి. సెప్పినావు. సాలు. రేపట్నుంచి నా కూడు నేనే కలుపుకుంటా."

అంటూ దేవకమ్మ కుడిచేతి మూడువేళ్లనూ ఒక్కొక్కటిగా మడిచింది.