కాపలాలో నిద్రపోయినవాడు

గురు నిద్రపోతున్నాడు. క్లాసులో, అందరి ముందు, చీపురుకర్రను తుపాకీలా భుజానికి ఆనించుకుని.

"గుర్రు కూడా పెట్రా. లేకుంటే ఎవురూ నమ్మరు" అంది ఇలక్కియ. క్లాసంతా నవ్వింది.

పట్టాభిరామన్ సారు నవ్వలేదు. భార్య పోయినప్పటి నుంచి ఆయన నవ్వగా ఎవరూ చూడలేదు.

ఒర్లియంపేటలోని ఆ ప్రైవేటు బడిలో ఆయన తొమ్మిదో తరగతికి చరిత్ర చెబుతాడు. ఏ పాఠమైనా పిల్లల చేత ఆడించి చెప్పడం ఆయన అలవాటు. ఈ రోజు అబ్రహాం లింకన్. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. కాపలాలో నిద్రపోయిన సైనికుడికి మరణశిక్ష పడేది. అలాంటి శిక్షల కాగితాలు అధ్యక్షుడి బల్ల మీదికి వచ్చేవి. లింకన్ చాలామందిని బతకనిచ్చాడు.

సారు కుర్చీయే అధ్యక్షుడి కుర్చీ. అందులో ఇలక్కియ కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

సైనికుడి తరఫున వాదించడానికి ఎవరూ లేవలేదు. గురు తానే ఒక కన్ను తెరిచాడు. "నేను సేద్యం చేసే ఇంటి పిల్లోడిని. పొద్దుగూకితే పండుకునే అలవాటు. కావాలని ఎవుడన్నా నిద్దరపోతాడా?"

"నిద్దరలో ఉండేవాడు మాట్లాడకూడదు రా" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

ఇలక్కియ పెన్ను ఎత్తింది. ఎత్తి ఆగింది. "మీరైతే ఏం చేస్తారు సార్?"

"క్షమించను" అన్నాడు పట్టాభిరామన్. "వాణ్ణి నమ్ముకుని వెనకాల పడుకున్నవాళ్ళు ఉంటారు. వాడు నిద్రపోతే వాళ్ళు మళ్ళీ లేవరు."

పిల్లల నవ్వు ఆగిపోయింది. ఇలక్కియ కాసేపు ఆలోచించి, కాగితం మీద సంతకం గీకి గురు చేతిలో పెట్టింది. "పో రా. రేపటి నుంచి కండ్లు తెరుచుకోని నిలబడు." ఆపైన సారు వైపు తిరిగి మెల్లగా అంది. "నేను లింకన్‌ను గదా సార్, మీరు కాదు గదా."

అప్పుడే కిటికీ అవతల మణియమ్మ వెళ్ళింది. ఎల్‌కేజీ పిల్లలను వరసగా చేతులు కడిగించడానికి తీసుకుపోతోంది. పట్టాభిరామన్ బోర్డు వైపు తిరిగిపోయాడు. రాయబోతే సుద్దముక్క విరిగింది.

మణియమ్మ ఆ బడిలో ఆయా. పట్టాభిరామన్ ఉండే వీధిలోనే ఉంటుంది. ఆయన భార్య జయమ్మాళ్‌కు ఊపిరితిత్తులు చెడి, ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టాల్సి వచ్చినప్పుడు, రాత్రుళ్ళు పక్కన కూర్చోవడానికి ఆమెనే కుదుర్చుకున్నాడు. మిషన్ కరెంటుతో నడిచేది. కరెంటు పోతే పక్కనున్న ఆక్సిజన్ సిలిండర్ తెరవాలి. దాని మర ఎంత బిగువంటే మగవాడి చెయ్యి పడితే గాని కదలదు. కాబట్టి మణియమ్మకు ఒకటే పని అప్పగించాడు. కరెంటు పోయిందా, మేడెక్కి వచ్చి లేపాలి. ఉక్కకు తాళలేక ఆయన మేడ మీద గాలికి పడుకునేవాడు.

ఒక రాత్రి కరెంటు పోయింది. మణియమ్మ ఏడుపు విని ఆయన కిందికి దిగేసరికి జయమ్మాళ్ చెయ్యి చల్లబడింది. కరెంటు కూడా వచ్చేసింది. ఎవరికీ పనికిరాని మిషన్ మళ్ళీ తిరుగుతోంది.

కూలికి కూర్చున్న మనిషి, కునుకు తీసి ఉంటుంది, అన్నారు చూడవచ్చినవాళ్ళు. ఆ మాటే నిలిచిపోయింది. పట్టాభిరామన్ కాదనలేదు. మణియమ్మా కాదనలేదు. అప్పటి నుంచి ఆమె ఎదురైతే ఆయన వీధి దాటి అవతలికి పోతాడు. మేడ మెట్ల తలుపుకు గొళ్ళెం వేసేశాడు.

కూతురు నందిత మాత్రం ఊరుకోలేదు. కాపలా కాయలేని మనిషికి పసిబిడ్డలను ఎలా అప్పగిస్తారని బడికి ఫోన్ చేసి అడిగింది. హెడ్మిస్ట్రెస్ లోగనాయకి ఆ తీర్పును పట్టాభిరామన్‌కే వదిలేసింది. ఇవాళ సాయంత్రం లోపల ఆయన ఒక్క మాట చెబితే చాలు. ఉండమంటే మణియమ్మ ఉంటుంది, పొమ్మంటే పోతుంది. మొగుడు లేని మనిషి. ఆ జీతం తప్ప ఇంకో ఆధారం లేదు.

బడి వదిలాక ఆయన లోగనాయకి గదిలోకి వెళ్ళాడు. మణియమ్మ అప్పటికే గోడవారగా నిలబడి ఉంది. ఒంటి మీద ఆయాల నీలం కోటు. ఒక జేబులోంచి ఏ పిల్లదో రిబ్బను వేలాడుతోంది.

లోగనాయకి సూటిగానే అడిగింది. "ఆ రాత్రి నిద్రపోయినావా మణియమ్మా?"

"నేనేం చెప్పేది తల్లీ. అయ్యకు తెలుసు. అయ్యనే చెప్పమను."

లోగనాయకి ఆయన వైపు తిరిగింది. మణియమ్మ కూడా చూసింది. పట్టాభిరామన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇలక్కియ గీకిన సంతకం గుర్తొచ్చింది. ఒక్క మాటే. చెబితే అయిపోతుంది.

"తీసేయండి" అన్నాడు.

మణియమ్మ ఏడవలేదు. కోటు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది. రిబ్బను తీసి దాని మీద ఉంచి, అది ఏ పిల్లదో లోగనాయకికి చెప్పింది. గడప దగ్గర ఆగింది.

"రాత్రిళ్ళు నిద్దర పడతా ఉండాదా అయ్యా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు.

జయమ్మాళ్ పోయిన రాత్రి, కరెంటు పోగానే మణియమ్మ మేడెక్కి వచ్చి భుజం పట్టి కుదిపి లేపితే, "వస్తాలే, నువ్వు పో" అని అటు తిరిగి పడుకున్నది ఆయనే.