వెళ్ళొస్తానంటే తిరిగొచ్చే కారు

మా మనవరాలు హిమజ కోసం మా అబ్బాయి చవగ్గా, చెప్పిన మాట విని తనంతట తానే నడిచే పాత కారు కొన్నాడు. కొత్త కార్లకు మన మాటతీరు తెలుసు. ఈ డొక్కుదానికి మాట తప్ప మనసు తెలియదు.

ఆ రోజు తొమ్మిదింటికి పిల్లకు డ్రైవింగు లైసెన్సు పరీక్ష; కారు తానే నడిచినా అది తప్పదట. తప్పితే మళ్ళీ ఏడాదికే. హిమజ కారెక్కి, "వెళ్ళొస్తా నానమ్మా" అంది. కారు పరీక్షాఫీసు దాకా వెళ్ళి, పిల్లను దిగనివ్వకుండా తిరిగొచ్చి మా గుమ్మం ముందు ఆగింది.

"వెళ్ళొచ్చాను," అంది కారు.

"నోర్ముయ్, డొక్కుదానా!" చీపురుతో దాని నెత్తిన ఒక్కటిచ్చాను.

"తిరిగి రాకూడదంటే, 'పోతున్నా' అనండి."

"అనేస్తా నానమ్మా, టైమైపోతంది!"

"అన్నావంటే చూడు! మీ తాత పోతన్నానని లారీ ఎక్కాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎనిమిదిన్నరయింది. నేను చీపురుతో సహా పక్క సీట్లో కూలబడ్డాను. ఇద్దరం కలిసి వెళ్తే చెప్పిపోయే పనేముంది?

"పోదాం పదవే!" అన్నాను.

కారు కదిలింది. పరీక్షాఫీసు వచ్చేదాకా నేను చీపురు దించలేదు.