కింది మడుగు పిలుపు

ఒక కొండవాగులో పై మడుగు ఎండ్రకాయది, కింది మడుగు కప్పది. వేసవిలో ముందు కింది మడుగు నిండాలి. నీళ్లు అందాయని కప్ప బెకబెకమన్నాకే పైవాళ్లు వాగుకు అడ్డుకట్ట వేసుకోవాలి. అది వాళ్ల కట్టుబాటు. ఎండ్రకాయ పిల్లలు రోజూ ఆ పిలుపు వింటూనే నిద్రపోయేవి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. ఎండ్రకాయ తన కడుపు కింది పిల్లల్ని చూసుకుంది. "కప్పకేం, గెంతుకుంటూ ఎక్కడికైనా పోతుంది. నా పసివాళ్లు ఎక్కడికి పోతారు?" అనుకుని, పిలుపు రాకముందే బంకమట్టితో వాగు మూసేసింది.

పై మడుగు నిండింది. పొద్దుగూకింది. పిల్లలు మాత్రం పడుకోలేదు.

"కప్పత్త ఇంకా పిలవలేదేమ్మా?"

"ఇవాళ పిలవదులే. పడుకోండి."

"అత్త పిల్లలకి ఇంకా కాళ్లే రాలేదు కదమ్మా. వాళ్లెక్కడికి పోతారు?"

ఎండ్రకాయ వెళ్లి, తను మెత్తిన మట్టిని తన కాళ్లతోనే తవ్వేసింది. నీళ్లు కిందికి జారాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. చివరికి కింది నుంచి, ఎండిన గొంతుతో, సన్నగా ఒక్క బెక వినిపించింది.

పిల్లలకి చెబుదామని ఎండ్రకాయ వంగి చూసింది. అన్నీ నిద్రపోయాయి.